గుర్రాల కాపరి నుంచి మహాప్రభువు దాకా: మధ్యయుగపు జర్మన్ బిరుదుల పుట్టుక

చక్రవర్తి కొలువుతీరే భవనం ముందు ఓట్స్ గింజలు రాశిగా పోసి ఉంటాయి. రాశి గుర్రం రొమ్ము దాకా రావాలి. సాక్సనీ పాలకుడు గుర్రమెక్కి వచ్చి ఆ రాశి దగ్గర ఆగుతాడు. ఒక చేత వెండి కర్ర, ఒక చేత వెండి కుంచం. రెండూ కలిపి పన్నెండు మార్కుల బరువు తూగాలి. గుర్రం మీది నుంచే కుంచం నిండా గింజలు ముంచి, ముందుగా ఎదురొచ్చిన సేవకుడికి అందిస్తాడు. ఆ తర్వాత కర్రను రాశిలో గుచ్చి వెళ్లిపోతాడు. అదే విందుకు బ్రాండెన్‌బర్గ్ పాలకుడు వెండి పళ్లేల్లో నీళ్లూ మంచి తువ్వాలూ తెచ్చి చక్రవర్తి చేతులు కడిగిస్తాడు. రైన్ తీరపు పాలటినేట్ పాలకుడు నాలుగు వెండి పాత్రల్లో వంటకాలు తెచ్చి బల్ల మీద పెడతాడు. బొహీమియా రాజు వెండి గిన్నెలో నీళ్లు కలిపిన ద్రాక్షసారా అందిస్తాడు.

చక్రవర్తి నాలుగో కార్ల్ 1356లో వెలువరించిన 'గోల్డెన్ బుల్' అనే బంగారు ముద్ర శాసనంలో ఈ తంతు అంతా నియమంగా రాసి ఉంది. ఆ నలుగురూ విశాలమైన భూములు, కోటలు, సైన్యాలు ఉన్నవాళ్లు, చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్నవాళ్లు. అంతటివాళ్లు గుర్రానికి దాణా కొలవడం, చేతుల మీద నీళ్లు పోయడం పరువు తక్కువ అనుకోలేదు. పైగా ఆ హక్కు తమకే ఉండాలని పోట్లాడుకున్నారు. జర్మన్ బిరుదుల చరిత్ర మొత్తానికి తాళంచెవి ఈ దృశ్యంలోనే ఉందని నా నమ్మకం. ఆ దేశంలో దాదాపు ప్రతి పెద్ద బిరుదూ మొదట ఒక పని పేరు. పని చేసినవాడికి భూమి దక్కింది, భూమి వారసత్వమైంది, వారసత్వం రక్తగౌరవమైంది, చివరికి కాగితం మీది అక్షరాలైంది. ఈ ప్రయాణాన్ని ఒక్కొక్క బిరుదు వెంట నడిచి చూడడమే ఈ వ్యాసం పని.

నిచ్చెన ఎక్కడ మొదలైంది?

ఈ బిరుదులు మన దాకా ఇంగ్లిష్ మీదుగా వచ్చాయి. హెర్ట్సోగ్ మనకు డ్యూక్ అయ్యాడు, గ్రాఫ్ కౌంట్ అయ్యాడు, ఫ్రైహెర్ బారన్ అయ్యాడు. దాంతో వీటిని ఒక నిచ్చెనగా ఊహించుకోవడం అలవాటైంది. పై మెట్టు మీద డ్యూక్, కింది మెట్ల మీద కౌంటూ బారనూ అన్నమాట. పద్దెనిమిదో శతాబ్దపు దర్బారులో ఆ బొమ్మ సరిపోతుందేమో గానీ పదో శతాబ్దంలో సరిపోదు. అప్పటి గ్రాఫ్ హెర్ట్సోగ్‌కు ఒక మెట్టు కింద నిలబడినవాడు కాడు. అతని పని వేరు, ఇతని పని వేరు. ఇద్దరూ రాజు నియమించినవాళ్లే. మెట్ల లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. అది ఏ ఏడు వచ్చిందో కూడా దాదాపుగా చెప్పవచ్చు. ఆ సంగతి ముందు వస్తుంది.

ఇంకో చిక్కు భాషది. పదమూడో శతాబ్దం దాకా రాజపత్రాలన్నీ లాటిన్‌లోనే రాశారు. ఊళ్లో జనం 'గ్రాఫ్' అన్నవాణ్ణి లేఖకుడు 'కొమెస్' అని రాసేవాడు. 'హెర్ట్సోగ్' అన్నవాడు పత్రంలో 'డుక్స్' అయ్యేవాడు. లాటిన్ మాట రోము పాలన నుంచి మిగిలింది, జర్మన్ మాట తెగల జీవితం నుంచి వచ్చింది. అందుకే ఒక్కో బిరుదుకు రెండు పుట్టుకలు ఉన్నాయి. రెంటినీ కలిపి చూడకపోతే సగం కథే తెలుస్తుంది.

హెర్ట్సోగ్: సేనను నడిపినవాడు

ప్రాచీన జర్మన్‌లో ఈ మాట 'హెరిత్సోగో'. 'హెరి' అంటే సేన. రెండో సగం లాగడం, వెంట నడిపించుకుపోవడం అనే అర్థమున్న క్రియ. సేనకు ముందు నడిచేవాడని మొత్తం భావం. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'సేనాని' అనే మాటను విప్పితే సేన, నడిపించడం అనే ఆ రెండు ముక్కలే దొరుకుతాయి. స్లావు భాషల 'వోయెవోద' కూడా అదే తీరున కట్టిన మాట. హెర్మన్ అనే జర్మన్ పేరులో ఈనాటికీ ఆ 'హెరి' వినిపిస్తుంది.

రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో జర్మానిక్ తెగల గురించి రాస్తూ, వాళ్లు రాజుల్ని పుట్టుకను బట్టి, సేనానాయకుల్ని పరాక్రమాన్ని బట్టి ఎంచుకుంటారని చెప్పాడు. జర్మన్‌లో రాజుకున్న 'కోనిగ్' అనే మాట కూడా దీన్నే బలపరుస్తుంది. వంశం అనే అర్థమున్న మాట నుంచి అది పుట్టింది. మన 'జన్మ', 'జాతి' పుట్టిన ధాతువుతో దానికి చుట్టరికం ఉంది. అంటే రాజు పుట్టుకతో రాజైతే, హెర్ట్సోగ్ యుద్ధంతో హెర్ట్సోగ్ అయ్యాడు. యుద్ధం ముగిస్తే పదవీ ముగిసేది.

పదవి నిలకడ సంపాదించింది తెగల భూభాగాల్లో. బవేరియాలో అగిలోల్ఫింగ్ వంశం హెర్ట్సోగ్‌లు దాదాపు స్వతంత్ర రాజుల్లా ఏలారు. ఫ్రాంకుల రాజు షార్లమేన్ 788లో ఇంగెల్‌హైమ్ సభలో మూడో తస్సిలోను పదవి నుంచి దించి మఠానికి పంపడంతో ఆ దశ ముగిసింది. వందేళ్లు గడిచాక షార్లమేన్ వారసుల అధికారం సన్నగిల్లింది. తూర్పు నుంచి హంగేరియన్ల దాడులు మొదలయ్యాయి. రాజు దూరాన ఉన్నాడు, శత్రువు ఇంటి ముందున్నాడు. సాక్సనీ, బవేరియా, స్వాబియా, ఫ్రాంకోనియా, లోరైన్ ప్రాంతాల్లో సేనను నడపగలిగినవాళ్లే మళ్లీ హెర్ట్సోగ్‌లయ్యారు. వాళ్లలోంచే రాజులూ వచ్చారు. 911లో ఫ్రాంకోనియా కాన్రాడ్, 919లో సాక్సనీ హైన్రిష్ రాజులుగా ఎన్నికయ్యారు.

హైన్రిష్ కొడుకు ఒట్టో 936లో ఆఖెన్‌లో కిరీటం పెట్టుకున్నప్పుడు జరిగిన విందును విడుకిండ్ అనే సన్యాసి రాసిపెట్టాడు. లోరైన్ హెర్ట్సోగ్ గదుల ఏర్పాట్లు చూశాడు. ఫ్రాంకోనియావాడు వడ్డన చూశాడు. స్వాబియావాడు పానీయాలు, బవేరియావాడు గుర్రాలు చూసుకున్నారు. 1356 నాటి ఓట్స్ రాశికి మూలం ఇక్కడుంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత మనుషులు మారారు, వంశాలు మారాయి. ఆ నాలుగు పనులు మాత్రం మారలేదు.

గ్రాఫ్: న్యాయం చెప్పినవాడు

గ్రాఫ్ అనే మాట పుట్టుక మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఫ్రాంకుల సాలిక్ ధర్మశాస్త్రంలోనే 'గ్రాఫియో' అనే అధికారి కనిపిస్తాడు. ఒక వర్గం దీన్ని గ్రీకులో రాయడం అనే అర్థమున్న మాటతో ముడిపెట్టింది. బైజాంటియం కార్యాలయాల లేఖకుడే పడమటికి వచ్చి గ్రాఫ్ అయ్యాడని వాళ్ల వాదన. ఇంకో వర్గం ఇది అచ్చంగా జర్మానిక్ మాటేనంటుంది. ఆజ్ఞ అనే అర్థమున్న గోథిక్ మాట దీని బంధువని, ఆజ్ఞ అమలుచేసేవాడే గ్రాఫ్ అని వాళ్లు చెబుతారు. ఇంగ్లిష్ 'షెరిఫ్'లో దాగిన పాత మాట 'గెరేఫ' కూడా దీనికి బంధువా కాదా అన్న తగువు ధ్వనిసూత్రాల దగ్గర ఆగిపోయింది. నన్నడిగితే, ఏ దారిన వెళ్లినా చేరేది ఒక్క చోటికే. రాసేవాడైనా, ఆజ్ఞ అమలుచేసేవాడైనా అతను ఉద్యోగే.

లాటిన్ పేరు 'కొమెస్' కూడా అదే చెబుతుంది. వెంట నడిచేవాడు, తోడు ఉండేవాడు అని దాని అర్థం. రోము చక్రవర్తి పరివారంలోని మనిషికి ఆ పేరుండేది. షార్లమేన్ నాటికి గ్రాఫ్ పని స్పష్టమైంది. తన ప్రాంతంలో రాజు పేరిట న్యాయసభ నడపాలి, యుద్ధానికి మనుషుల్ని సమకూర్చాలి, రాజుకు రావలసిన రాబడి రాబట్టాలి. విధించిన జరిమానాలో మామూలుగా మూడో వంతు అతనికి దక్కేది. అతని మీద నిఘా ఉండేది. రాజు తరఫున తిరిగే తనిఖీదారులకు 802లో కట్టుదిట్టమైన నియమాలు వచ్చాయి. ఒక మతాధికారీ ఒక గ్రాఫూ జంటగా వెళ్లి ఫిర్యాదులు వినేవాళ్లు. తప్పు చేసిన గ్రాఫ్‌ను తీసేయడం రాజు చేతిలో పని.

ఈ ఉద్యోగం వంశానిది ఎప్పుడైంది? పశ్చిమ ఫ్రాంకుల రాజు చార్లెస్ 877లో ఇటలీ దండయాత్రకు బయలుదేరే ముందు కియెర్జీ దగ్గర ఒక ఏర్పాటు చేశాడు. తాను లేనప్పుడు ఏ గ్రాఫ్ అయినా చనిపోతే కొడుక్కు అన్యాయం జరగకుండా చూడాలన్నది అందులో ఒక భాగం. తండ్రి పదవి కొడుక్కే రావాలన్న ఆశ అప్పటికే గట్టిపడిందని దీన్నిబట్టి తెలుస్తుంది. రైన్ నదికి తూర్పున కూడా తర్వాతి రెండు శతాబ్దాల్లో అదే జరిగింది. దీన్ని ఒక్క చట్టం చేసిన మార్పుగా చూడకూడదు. ఒక్కో ఇంట్లో, ఒక్కో మరణం తర్వాత, రాజు కాదనలేని పరిస్థితిలో జరిగిన మార్పు అది.

గ్రాఫ్ పరిధి మీద ఇంకో పెద్ద చర్చ నడిచింది. పంతొమ్మిదో శతాబ్దపు చరిత్రకారులు షార్లమేన్ రాజ్యాన్ని నేటి జిల్లాల పటంలా గీశారు. ఎక్కడా సందు లేకుండా ప్రతి అడుగు నేలకూ ఒక గ్రాఫ్ ఉన్నాడన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు దీన్ని కొట్టిపారేసి, గ్రాఫ్ అధికారం రాజు సొంత భూములున్న చోట్ల మాత్రమే చెల్లిందన్నారు. చరిత్రకారుడు హాన్స్ షుల్ట్సె 1973లో తన పరిశోధనతో మళ్లీ పాత అభిప్రాయం వైపు బలం చేర్చాడు. నాకు ఈ చర్చలో నచ్చింది తీర్పు కంటే అది నేర్పిన జాగ్రత్త. 'గ్రాఫ్ భూమి' అనగానే సరిహద్దు రాళ్లు ఊహించుకోవడం మన కాలపు అలవాటు. ఆ కాలపు అధికారం మనుషుల మీద, కోర్టుల మీద, సుంకాల మీద నడిచింది. నేల మీద గీత గీసి ఆగలేదు.

ఒక మాట, నాలుగు కొమ్మలు

జర్మన్‌లో గ్రాఫ్‌లు ఇన్ని రకాలెందుకు అని ఆశ్చర్యపడేవాళ్లకు జవాబు ఆ మాటలోనే ఉంది. గ్రాఫ్ ఉద్యోగి కాబట్టి అతని ఉద్యోగం ఎక్కడో ముందు చేర్చి చెప్పాలి. ఉప్పు ఉత్పత్తిని చూసే ఉప్పు గ్రాఫ్ ఉన్నాడు. నాహే నది ప్రాంతంలో అడవి పేరు తగిలించుకున్న విల్ట్‌గ్రాఫ్ ఉన్నాడు. చరిత్రలో బలంగా నాటుకున్నవి నాలుగు.

మార్క్‌గ్రాఫ్ సరిహద్దు గ్రాఫ్. 'మార్క్' అంటే పొలిమేర. డెన్మార్క్ పేరులో ఉన్నదీ అదే, ఆస్ట్రియాలోని స్టైయర్‌మార్క్ పేరులో ఉన్నదీ అదే. శత్రువు ఎదుట ఉన్నవాడు రాజు అనుమతి కోసం వారాలు ఎదురుచూడలేడు. అందుకే అతనికి మామూలు గ్రాఫ్ కన్నా ఎక్కువ సైనిక అధికారం ఇచ్చారు. ఆ అధికారమే గొప్ప రాజ్యాలకు విత్తనమైంది. తూర్పు పొలిమేర 976లో బాబెన్‌బర్గ్ వంశానికి దక్కి ఆస్ట్రియాగా ఎదిగింది. మైసెన్ పొలిమేర 1089లో వెట్టిన్ వంశానికి చేరింది. 1157 నుంచి 'ఎలుగుబంటి' ఆల్బ్రెష్ట్ బ్రాండెన్‌బర్గ్ మార్క్‌గ్రాఫ్‌నని చెప్పుకున్నాడు.

ఇక్కడ బాడెన్ కథ దగ్గరగా చూడదగ్గది. బాడెన్ నైరుతి జర్మనీలో వేడినీటి ఊటలున్న ఊరు. మధ్యయుగంలో అక్కడ సరిహద్దూ లేదు, కాపలా కాయాల్సిన శత్రువూ లేడు. అయినా బాడెన్ పాలకులు మార్క్‌గ్రాఫ్‌లు. ఎందుకని? జేరింగెన్ వంశపు బెర్టోల్డ్ 1061లో కరింథియా హెర్ట్సోగ్ అయ్యాడు. ఆల్ప్స్ కొండలకు అవతల, ఇటలీలోని వెరోనా పొలిమేర కరింథియాకు అనుబంధంగా ఉండేది. దాంతో అతని కొడుకు హెర్మన్ వెరోనా మార్క్‌గ్రాఫ్ అనిపించుకున్నాడు. వెరోనా వాళ్ల చేతిలో నిలవలేదు. బిరుదు మాత్రం ఇంటికొచ్చింది. మనుమడు రెండో హెర్మన్ 1112లో తన కోట పేరు చేర్చి బాడెన్ మార్క్‌గ్రాఫ్ అన్నాడు. ఆ ఇంటివాళ్లు 1803 దాకా ఆ బిరుదుతోనే ఉన్నారు. కాపలా పని పోయింది, కాపలా కాసే నేలా పోయింది. పేరొక్కటే కొత్త నేల మీద వేళ్లు తన్నింది. పని నుంచి బిరుదు విడిపోయే క్షణాన్ని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

ఫాల్ట్స్‌గ్రాఫ్ రాజభవనపు గ్రాఫ్. రోములోని పాలటైన్ కొండ మీద చక్రవర్తుల ఇళ్లుండేవి. ఆ కొండ పేరే లాటిన్‌లో రాజభవనానికి పేరై, జర్మన్ నోట 'ఫాల్ట్స్' అయింది. మధ్యయుగపు జర్మన్ రాజుకు ఒక్క రాజధాని లేదు. ఆఖెన్, ఇంగెల్‌హైమ్, గోస్లర్ లాంటి చోట్ల భవనాలుండేవి. పరివారంతో ఒకదాని నుంచి ఇంకోదానికి తిరుగుతూ ఏలేవాడు. రాజు బదులు న్యాయం చెప్పడం, రాజు సొత్తు చూడడం ఫాల్ట్స్‌గ్రాఫ్ పని. చక్రవర్తి ఫ్రీడ్రిష్ బార్బరోసా 1156లో తన సవతి తమ్ముడు కాన్రాడ్‌కు రైన్ ఫాల్ట్స్‌గ్రాఫ్ పదవి ఇచ్చాడు. 1214లో అది విట్టెల్స్‌బాఖ్ వంశానికి చేరింది. హైడెల్‌బెర్గ్ వాళ్ల నివాసమైంది. ఇల్లు అన్న మాట ఉద్యోగమై, ఉద్యోగం నేల పేరై, నేడు రైన్‌లాండ్-ఫాల్ట్స్ అనే రాష్ట్రంగా పటంలో నిలిచింది.

లాండ్‌గ్రాఫ్ వీళ్లందరికన్నా కొత్తవాడు. పన్నెండో శతాబ్దంలో కొన్ని చోట్ల రాజుకు నేరుగా జవాబు చెప్పే విశాల ప్రాంతాల కోసం ఈ పేరు వచ్చింది. రాజు మూడో లోథర్ 1131లో లుడ్‌విగ్‌ను తురింగియా లాండ్‌గ్రాఫ్‌గా చేశాడు. వాళ్ల వార్ట్‌బుర్గ్ కోట కవుల నిలయంగా పేరుపొందింది. 1247లో ఆ వంశపు మగ సంతతి ఆగిపోయింది. పదిహేడేళ్ల వారసత్వ పోరు తర్వాత హెస్సె విడిపోయింది. పోరాడి దాన్ని కొడుక్కు దక్కించినది ఆ ఇంటి ఆడపడుచు సోఫీ.

బుర్గ్‌గ్రాఫ్ కోట గ్రాఫ్. చూడ్డానికి చిన్న పదవి. కానీ న్యూరెంబర్గ్ బుర్గ్‌గ్రాఫ్ పదవి పన్నెండో శతాబ్దం చివర్లో ఒక త్సోలెర్న్ వంశస్థుడికి పెళ్లి ద్వారా దక్కింది. ఆ వంశంవాడికే 1415లో రాజు సిగిస్ముండ్ బ్రాండెన్‌బర్గ్ ఇచ్చాడు. 1427లో వాళ్లు న్యూరెంబర్గ్‌లోని కోటను ఆ నగరానికే అమ్మేశారు. 1701లో వాళ్లు ప్రష్యా రాజులయ్యారు. 1871లో జర్మన్ కైజర్లయ్యారు. కైజర్ అనే మాట సీజర్ పేరే. అది పుట్టుకతో ఒక మనిషి పేరు, బిరుదు కానే కాదు. కోట కాపలా ఉద్యోగంతో మొదలైన ఇల్లు సీజర్ పేరుతో ముగిసింది.

దాసులు ప్రభువులైన వేళ

'మార్షల్' అనే మాటను విడదీస్తే 'మరహ్' అంటే గుర్రం, 'స్కాల్క్' అంటే దాసుడు. గుర్రాల దాసుడు. 'షెంక్' పోసేవాడు, పానీయాలు అందించేవాడు. 'కెమ్మరర్' గది చూసుకునేవాడు. వడ్డన చూసేవాడు 'ట్రుఖ్‌సెస్'. ఇవన్నీ ఇంటి పనులే. సాక్సనీ పాలకుడు సామ్రాజ్యపు మార్షల్‌గా ఓట్స్ కొలిచాడంటే ఆ మాటకున్న అసలు అర్థాన్ని కొలువు రోజునైనా శరీరంతో నెరవేర్చాడన్నమాట.

ఈ పనుల్ని రోజూ నిజంగా చేసినవాళ్ల కథ ఇంకా ముఖ్యం. జర్మన్ సమాజంలో 'మినిస్టీరియాలిస్' అనే వింత వర్గం ఉండేది. వాళ్లు కవచం తొడిగి గుర్రమెక్కి పోరాడేవాళ్లు, కోటలు కాపాడేవాళ్లు. అయినా స్వతంత్రులు కారు. ప్రభువు అనుమతి లేకుండా పెళ్లి చేసుకోలేరు. భూమి చేతులు మారితే దానితోపాటు వీళ్లూ మారవచ్చు. ఇద్దరు ప్రభువుల మనుషులు పెళ్లాడితే పిల్లల్ని పంచుకునేవాళ్లు. పదకొండో శతాబ్దంలో బాంబెర్గ్ బిషప్ సేవకులు తమ హక్కుల్ని రాతలో పెట్టించుకున్నారు. అక్కడి నుంచి వాళ్ల ఎదుగుదల ఆగలేదు. బోలాండెన్‌కు చెందిన వెర్నెర్ పుట్టుకతో ఇలాంటి సేవకుడే. అతనికి పదిహేడు కోటలుండేవని సమకాలికుడు గిస్లెబెర్ట్ రాశాడు. అన్‌వైలెర్‌కు చెందిన మార్క్‌వార్ట్‌కు చక్రవర్తి ఆరో హైన్రిష్ 1195లో దాస్యవిముక్తి ఇచ్చి, ఇటలీలో హెర్ట్సోగ్ పదవినీ మార్క్‌గ్రాఫ్ పదవినీ కట్టబెట్టాడు. నిన్నటి దాసుడు ఇవాళ్టి హెర్ట్సోగ్.

ఈ వర్గం నుంచే తర్వాతి 'రిట్టర్' కుటుంబాలు చాలావరకు వచ్చాయి. రిట్టర్ అంటే గుర్రపు రౌతు, అంతే. స్వతంత్రంగా పుట్టిన పాత ప్రభువుకు 'ఫ్రైహెర్' అని పేరు. స్వేచ్ఛ గల ప్రభువని దాని అర్థం. స్వేచ్ఛ లేని ప్రభువులు ఇంతమంది చుట్టూ ఉన్నప్పుడే ఆ విశేషణానికి విలువ. ఫ్రైహెర్‌ను బారన్ అని అనువదించి ఊరుకుంటే ఆ చరిత్రంతా జారిపోతుంది.

మఠాల భూముల మీద ఉండే 'ఫోక్ట్' సంగతీ ఇంతే. మతాధికారులు రక్తం చిందించే శిక్షలు వేయకూడదు గనుక వాళ్ల బదులు న్యాయస్థానంలో కూర్చునే గృహస్థుడు కావాలి. అతన్ని లాటిన్‌లో 'అడ్వొకాటుస్' అన్నారు. మన కోర్టుల్లోని అడ్వొకేటూ, జర్మన్ ఫోక్టూ ఒకే మాటకు పుట్టిన అన్నదమ్ములు.

1180: మెట్లు కట్టిన సంవత్సరం

పదవిని ఎలా చేతులు మార్చేవాళ్లో 1156లో రెగెన్స్‌బర్గ్ దగ్గర జరిగిన ఘట్టం చూపిస్తుంది. బవేరియా కోసం ఇద్దరు హైన్రిష్‌లు తగవుపడ్డారు. ఫ్రైజింగ్ బిషప్ ఒట్టో రాసినదాని ప్రకారం, ఆస్ట్రియావాడు ఏడు జెండాలు బార్బరోసా చేతికిచ్చి బవేరియాను వదులుకున్నాడు. చక్రవర్తి వాటిని 'సింహం' అనే పేరున్న హైన్రిష్‌కు ఇచ్చాడు. అతను రెండు జెండాలు తిరిగి ఇచ్చాడు. తూర్పు పొలిమేరకు గుర్తైన ఆ రెండింటితో చక్రవర్తి ఆస్ట్రియాను మార్క్‌గ్రాఫ్ నేల నుంచి హెర్ట్సోగ్ నేలగా మార్చి, ఆస్ట్రియా హైన్రిష్‌కూ అతని భార్యకూ కలిపి ఇచ్చాడు. ఇది రాస్తున్న ఒట్టో ఆ ఆస్ట్రియా హైన్రిష్‌కు సొంత తమ్ముడు. తెగ సేనను నడపడం అనే పాత అర్థం అక్కడ కనిపించదు. తగవు తీర్చడానికి చక్రవర్తి కొత్త హెర్ట్సోగ్ పదవిని సృష్టించాడు.

ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ 'సింహం' కూలింది. తీర్పు ధిక్కరించిన హైన్రిష్ నుంచి సాక్సనీ, బవేరియాలు పోయాయి. 1180 ఏప్రిల్‌లో గెల్న్‌హౌజెన్‌లో వెలువడిన పత్రం సాక్సనీని చీల్చింది. పడమటి భాగం కొలోన్ ఆర్చిబిషప్‌కు, తూర్పు భాగం అన్‌హల్ట్ బెర్న్‌హార్డ్‌కు దక్కాయి. బవేరియా విట్టెల్స్‌బాఖ్ ఒట్టోకు వెళ్లింది. అతని వంశం 1918 దాకా అక్కడే ఉంది. స్టైయర్‌మార్క్ అదే ఏడు హెర్ట్సోగ్ నేల అయింది. తెగల పునాది మీద నిలిచిన పాత పదవి ముక్కలై, చక్రవర్తి పంచిపెట్టే పదవిగా మిగిలింది.

ఈ కాలంలోనే 'ఫ్యూర్‌స్ట్' అనే మాట బిగుసుకుంది. ముందున్నవాడు, మొదటివాడు అని దాని అర్థం. ఇంగ్లిష్ 'ఫస్ట్'తో రక్తసంబంధం. అంతకుముందు పెద్ద ప్రభువులందరినీ కలిపి ఆ మాటతో పిలిచేవాళ్లు. ఇన్స్‌బ్రుక్‌లో పనిచేసిన యూలియుస్ ఫికెర్ 1861లో రాసిన గ్రంథంలో వేలాది పత్రాల సాక్షుల వరుసలు గాలించి ఒక సంగతి తేల్చాడు. 1180 ప్రాంతం దాకా గ్రాఫ్‌లు కూడా ఫ్యూర్‌స్ట్‌ల లెక్కలో ఉన్నారు, ఆ తర్వాత బయటికి పోయారు. రాజు నుంచి నేరుగా జెండాతో భూమి పొందినవాడే ఇక ఫ్యూర్‌స్ట్. మతాధికారులను పక్కన పెడితే వాళ్ల సంఖ్య ఇరవైకి లోపే. తలుపు మూసుకుంది. లోపలికి వెళ్లాలంటే రాజు తెరవాలి. హెస్సె లాండ్‌గ్రాఫ్ కోసం రాజు అడోల్ఫ్ 1292లో అలా తెరిచాడు.

న్యాయవేత్త ఐకే ఫాన్ రెప్‌గో పదమూడో శతాబ్దం తొలి దశకాల్లో జర్మన్ భాషలోనే 'జాక్సెన్‌ష్పీగెల్' అనే ధర్మగ్రంథం రాశాడు. ఇందులో ప్రభువుల్ని ఏడు డాళ్లుగా అమర్చాడు. మొదటిది రాజు డాలు, రెండోది మత ఫ్యూర్‌స్ట్‌లది, మూడోది లౌకిక ఫ్యూర్‌స్ట్‌లది, నాలుగోది స్వతంత్ర ప్రభువులది. అలా కిందికి దిగుతూ ఏడో డాలు దగ్గర ఆగిపోయాడు. లోకపు ఏడో యుగం ఎంతకాలం ఉంటుందో ఎవరికీ తెలియనట్టే, ఏడో డాలుకు భూమి హక్కుందో లేదో తెలియదన్నాడు. మెట్లు కట్టినవాడే ఆఖరి మెట్టు నిజంగా ఉందో లేదో చెప్పలేకపోయాడు. అది అతని బలహీనత కాదు, నిజాయితీ. ఇలాంటి కచ్చితమైన పిరమిడ్లు మధ్యయుగపు వాస్తవం కన్నా తర్వాతి న్యాయవేత్తల కల్పనే ఎక్కువని చరిత్రకారిణి సూసన్ రేనాల్డ్స్ 1994లో గట్టిగా వాదించింది. ఆమె వాదనలో ప్రతిదీ ఒప్పుకోనక్కర్లేదు. కానీ పదవ శతాబ్దాన్ని పదమూడో శతాబ్దపు గ్రంథంతో చదవకూడదన్న హెచ్చరిక మాత్రం ఎవరూ మరవకూడదు.

ఎన్నికా, దొంగపత్రమూ

ఫ్యూర్‌స్ట్‌లలోంచి ఇంకా చిన్న వలయం ఏర్పడింది. రాజును ఎంచుకునేవాళ్లు 'కూర్‌ఫ్యూర్‌స్ట్'లు. 'కూర్' అంటే ఎంపిక. 1356 శాసనం వాళ్లను ఏడుగురిగా స్థిరపరిచింది. మైంజ్, కొలోన్, ట్రియర్ ఆర్చిబిషప్‌లు ముగ్గురు. బొహీమియా రాజు, రైన్ ఫాల్ట్స్‌గ్రాఫ్, సాక్సనీ హెర్ట్సోగ్, బ్రాండెన్‌బర్గ్ మార్క్‌గ్రాఫ్ నలుగురు. ఈ నాలుగు పేర్లను ఒక్కసారి కలిపి చదవండి. రాజు, భవన ఉద్యోగి, సేనాని, సరిహద్దు కావలివాడు. నాలుగు వేర్వేరు బిరుదులు, ఒకే హక్కు. బిరుదే హోదాను తేల్చదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. లౌకిక కూర్‌ఫ్యూర్‌స్ట్ నేలను కొడుకుల మధ్య పంచకూడదని శాసనం కట్టడి చేసింది. వారసులు ఏడో ఏట మొదలుపెట్టి పద్నాలుగు నిండేసరికి లాటిన్, ఇటాలియన్, స్లావు భాష నేర్చుకోవాలని కూడా చెప్పింది. ఎన్నుకోవడం కూడా ఒక పనేనని, పనికి చదువు కావాలని ఆ శాసనం గుర్తుపెట్టుకుంది.

ఆ ఏడుగురిలో ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్‌లు లేరు. నాలుగో కార్ల్ అల్లుడు రుడోల్ఫ్ దీన్ని సహించలేకపోయాడు. 1358-59లో తన కార్యాలయంలో పాత పత్రాలు తయారుచేయించాడు. అందులో జూలియస్ సీజర్, నీరో ఆస్ట్రియాకు ఇచ్చినట్టు చెప్పే లేఖలు కూడా ఉన్నాయి. ఆ పత్రాల్లోంచే 'ఎర్ట్స్‌హెర్ట్సోగ్', అంటే ప్రధాన హెర్ట్సోగ్ అనే బిరుదు పుట్టింది. కార్ల్ ఆ లేఖల్ని కవి పెట్రార్క్‌కు చూపించాడు. లాటిన్ బాగా తెలిసిన పెట్రార్క్ 1361లో అవి మోసమని తేల్చి రాశాడు. అయినా 1453లో హాబ్స్‌బర్గ్ వంశానికే చెందిన చక్రవర్తి మూడో ఫ్రీడ్రిష్ ఆ పత్రాలను ఆమోదించాడు. కల్పించిన బిరుదు చట్టమైంది.

రక్తం, కాగితం, పేరు

పనికీ బిరుదుకూ దూరం పెరిగినకొద్దీ వంశం దగ్గరైంది. చరిత్రకారుడు కార్ల్ ష్మిడ్ మఠాల స్మరణ పుస్తకాల్లోని వేల పేర్లు పరిశీలించి, పదకొండో శతాబ్దం దాకా ప్రభువులకు ఇంటిపేర్లు లేవని చూపించాడు. తండ్రి వైపూ తల్లి వైపూ విస్తరించిన పెద్ద బంధువర్గమే వాళ్ల గుర్తింపు. కొండల మీద రాతికోటలు కట్టుకున్నాకే కోట పేరు ఇంటిపేరైంది. హాబ్స్‌బర్గ్, త్సోలెర్న్, విట్టెల్స్‌బాఖ్, స్టౌఫెన్ అన్నీ కోటల పేర్లే. తండ్రి నుంచి కొడుక్కు దిగే వంశమన్న ఊహ కూడా ఆ గోడల మధ్యే గట్టిపడింది.

ఇంగ్లండ్‌లో పెద్ద కొడుక్కే బిరుదు దక్కుతుంది. జర్మన్ నేలల్లో మామూలుగా పిల్లలందరికీ దక్కింది. గ్రాఫ్ పిల్లలందరూ గ్రాఫ్‌లే, కూతుళ్లు గ్రేఫిన్‌లే. భూమి కూడా పంచుకునేవాళ్లు. అందుకే తురింగియా, అన్‌హల్ట్ పటాలు అతుకుల బొంతల్లా కనిపిస్తాయి. ఆ పైన కాగితం వచ్చింది. నాలుగో కార్ల్ 1360లో మైంజ్ నగరంలోని ఒక మతాధికారికి పత్రం ద్వారా కులీనత ఇచ్చాడు. కత్తీ కోటా పదవీ లేకుండా, సిరాతో పుట్టిన ప్రభువుల కాలం అక్కడ మొదలైంది.

ఆఖరి మలుపు 1919లో. వైమార్ రాజ్యాంగం 109వ అధికరణం జన్మహోదాలన్నీ రద్దు చేసి, పాత బిరుదుల్ని పేరులో భాగంగా మాత్రమే ఉంచుకోమంది. కొత్తవి ఇక ఇవ్వకూడదంది. అందుకే జర్మనీలో ఇప్పుడు 'గ్రాఫ్' ఇంటిపేరులో ఒక ముక్క. కరణీకం పోయినా కరణం ఇంటిపేరుగా మిగిలినట్టే. ఆస్ట్రియా ఇంకా కఠినంగా 'ఫాన్' అనే చిన్న మాటను కూడా తుడిచేసింది.

ఇంత దూరం నడిచాక నాకు తేలిందొకటి. జర్మన్ బిరుదును చదివేటప్పుడు మొదట అడగాల్సింది 'ఇది ఎన్నో మెట్టు' అని కాదు. 'ఇది ఏ శతాబ్దం, అప్పుడు ఇతను ఏం చేసేవాడు' అని. ఆ ప్రశ్న అడిగితే బాడెన్ మార్క్‌గ్రాఫ్ ఎవరో, ఓట్స్ రాశి ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి.

ఆ ప్రశ్నకు నేటికీ సూటిగా జవాబు చెప్పగల గ్రాఫ్ ఒకడు మిగిలాడు. ఉత్తర సముద్ర తీరంలో, రైన్ దిగువన, సముద్రాన్నీ వరదనూ ఆపే మట్టికట్టలు చూసేవాణ్ణి జర్మన్‌లో 'డైష్‌గ్రాఫ్' అంటారు. నెదర్లాండ్స్‌లో నీటి మండళ్ల అధిపతికి 'డైక్‌గ్రాఫ్' అనేది ఈనాటికీ అధికారిక పేరు. అతనికి వంశవృక్షం లేదు, రాజముద్ర లేదు. గాలివాన వచ్చిన రాత్రి కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో అతను తెలుసుకోవాలి. సాలిక్ ధర్మశాస్త్రం నాటి గ్రాఫియోకు నిజమైన వారసుడు అతనే.